ఇరవైమూడు చోట్ల ఒకే తప్పు

తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌ను అందరికంటే ముందు నేను వాడి చూస్తాను. ఎక్కడెక్కడ పాడవుతుందో కనిపెట్టి, వరస నంబర్లు వేసి రాసిపెడతాను. ఈ అలవాటు ఆఫీసు గేటు దగ్గర ఆగదు. టిఫిన్ సెంటర్ మెనూలోని అక్షరదోషాలు, మా ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నోటీసు బోర్డు మీద ‘వృథా’కు బదులు రాసిన ‘వృధా’, ఎప్పుడూ పని చేయని లిఫ్టు బటన్లు, అన్నీ నా ఫోన్‌లో జాబితాలుగా ఉన్నాయి. అందుకే ఆ జూలై శుక్రవారం అక్క తన ఫైలు నా చేతికిచ్చి తప్పులు చూసిపెట్టమన్నప్పుడు నాకు గర్వంగానే అనిపించింది.

అక్క అంటే తోబుట్టువు కాదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద ఆరు మెట్లు దిగితే ఒక డీటీపీ దుకాణం వస్తుంది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషీను, ఒక ఫ్యాను. ఆ దుకాణం ఆమెది. ఇంజనీరింగ్ అయి, టెస్టింగ్ కోర్సు కోసం భీమవరం నుంచి వచ్చిన కొత్తలో నా రెజ్యూమే ప్రింట్లు అక్కడే తీయించుకున్నాను. ఉద్యోగం వచ్చాక ప్రింట్ల అవసరం తీరింది గానీ, వెళ్ళడం మానలేదు. దానికి కారణం ఆమె చదువు.

బీఏ అయిన ఏడాదే ఆమెకు పెళ్ళయింది. పదిహేనేళ్ళ తర్వాత దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషులో చేరింది. జిరాక్స్ మెషీను పక్కనే పుస్తకం తెరిచి పెట్టుకుని, గిరాకీకీ గిరాకీకీ మధ్య చదివేది. పరీక్షలన్నీ గట్టెక్కింది. మిగిలింది ఒక ప్రాజెక్టు, దాని మీద పరీక్షాధికారి ఎదుట కూర్చుని జవాబులు చెప్పే వైవా. అది పాసైతే మధురానగర్‌లో ఒక చిన్న జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పని ఇస్తామన్నారు. పాసవకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. కాలేజీవాళ్ళు అంతకాలం ఆగరు.

ప్రాజెక్టు అంశం ఏమిటని మొదటిసారి అడిగినప్పుడు, సిలబస్ కాగితం నా ముందు పెట్టింది. దాని మీద తెలుగులో ‘వలసానంతర సాహిత్య పఠనం’ అని ఉంది.

“ఊరి నుంచి వలస వచ్చిన తర్వాత చదివేదా అక్కా? అయితే మా హాస్టల్లో నూట ఇరవై మందిమి అదే చేస్తున్నాం.”

ఆమె స్టేప్లర్‌తో బల్ల మీద కొట్టింది. “గా వలస కాదు తమ్మీ. మనల్ని ఏలినోళ్ళ సంగతి. వాళ్ళు పోయిన్రు, వాళ్ళ కండ్లద్దాలు ఇంకా మన ముక్కు మీదనే ఉన్నయ్. గవి తీసి చదువుడు.”

“అద్దాలు తీస్తే అక్షరాలు కనపడతాయా?”

“నీ అసొంటోనికి కనబడయ్ తియ్.”

నాకు ఏదైనా అర్థం కావాలంటే మెట్టు తర్వాత మెట్టుగా ఉండాలి. కాబట్టి ఆమె చెప్పిందంతా విని నేనొక చెక్‌లిస్టు తయారు చేశాను. ఒకటి, ఈ కథలో మాట్లాడుతున్నది ఎవరు? రెండు, మాట్లాడనివ్వకుండా పక్కన నిలబెట్టింది ఎవర్ని? మూడు, ఇందులో ‘మామూలు’ అని ఎవరి పద్ధతిని అంటున్నారు? ఆమె దాన్ని చదివి, “మూడోది మంచిగున్నది” అంది. దాన్ని పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి జిరాక్స్ మెషీను పైన అంటించింది. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది. దాని కింద నిలబడే నేను ఆ శుక్రవారం ఫైలు తీసుకున్నాను.

ఇంగ్లీషు భాగం ఆమె గైడు ముందే చూశారట. నాకిచ్చింది చివర్లో వచ్చే అనుబంధం మాత్రమే. అది పదకొండు పేజీల తెలుగు. పాలమూరు వైపు పల్లెలో పుట్టిన వాళ్ళ అమ్మమ్మ తన చిన్ననాటి సంగతి చెబితే, అక్క ఫోన్‌లో రికార్డు చేసి మాట మాటా టైపు చేసింది. ఆ అమ్మమ్మ కిందటేడు పోయింది.

“స్పెల్లింగులు మాత్రం చూడు తమ్మీ. నేనే టైపు జేసిన గద, నా తప్పులు నాకు కనబడవు.”

“ఫికర్ చెయ్యకక్కా” అన్నాను. ఊరి నుంచి వచ్చాక నేర్చుకున్న నాలుగైదు మాటల్లో అదొకటి.

నేను స్పెల్లింగులు మాత్రం చూడలేదు. హాస్టల్ గదిలో మంచం మీద కూర్చుని, ఆఫీసులో చేసినట్టే ఒక పట్టిక తెరిచాను. పేజీ, పంక్తి, తప్పు, ఒప్పు, కారణం అని అయిదు గడులు గీశాను. ‘సుత’ అని ఉన్న చోటల్లా ‘కూడా’ అని మార్చి, కారణం దగ్గర ‘ప్రామాణికం కాదు’ అని రాశాను. ‘పోయిండు’ను ‘పోయాడు’ చేశాను. కారణం ‘వ్యాకరణం’. ‘గా’, ‘గీ’లకు ఎదురుగా ‘అనవసరమైన గకారం’ అని రాశాను. రాసినప్పుడు ఆ మాట నాకు నచ్చింది కూడా.

నాలుగో పంక్తికే ‘మొగులు’ తగిలింది. తర్వాత లెక్కపెడితే మొత్తం ఇరవైమూడు చోట్ల ఉంది. అది ‘మొగుడు’ అని నాకు క్షణంలో తెలిసిపోయింది. ఎందుకంటే కథ అలాగే నడుస్తోంది. మూడేండ్లు లేదు, పొద్దున లేస్తే పడమటి దిక్కు దారి చూసుడే, వస్తదో రాదో తెల్వది. పని కోసం దేశాలు పట్టిపోయిన మొగుడి కథ! మొగుణ్ణి పట్టుకుని ‘లేదు’, ‘రాదు’ అంటోందంటే, ఆ అమ్మమ్మకు వాడి మీద ఎంత కోపం ఉండి ఉండాలి? నేను జాలిపడి, కనీసం క్రియల్లోనైనా ఆయనకు మర్యాద ఇచ్చి ‘లేడు’, ‘రాడు’ అని మార్చాను.

మధ్యలో అనుమానాలు రాకపోలేదు. ఒక్కొక్కదానికీ జవాబు నేనే చెప్పుకుని, కారణం గడిలో రాసుకున్నాను. కథలో ఆమెకు పదేళ్ళే కదా అంటే, బాల్యవివాహం అయి ఉంటుంది. ఆ మొగుడి కోసం ఆమె తండ్రి విత్తనాలు మూటగట్టి దూలానికి ఎందుకు వేలాడదీశాడు అంటే, అల్లుడికి విత్తనాలు దాచిపెట్టడం ఆ వైపు ఆచారమేమో. వచ్చినవాడు నల్లగా ఎందుకున్నాడు అంటే, పాపం ఎండలో పనిచేశాడు. ఊరంతా చేతులెత్తి ఎందుకు మొక్కింది అంటే, నాలుగు డబ్బులతో తిరిగొచ్చి ఉంటాడు. చివరి పేజీకి వచ్చేసరికి నిజంగానే నా కళ్ళు తడిశాయి. పట్టిక అడుగున ‘చాలా గొప్ప స్త్రీవాద కథ’ అని రాసుకుని ఫైలు మూసేశాను. మొత్తం రెండు వందల పద్నాలుగు తప్పులు. నా లెక్కలో అది మంచి స్కోరు.

శనివారం పొద్దున ఫైలు ఇచ్చాను. అది బోనాల నెల. బల్కంపేటలో వాళ్ళ ఇంటి సందు నిండా చుట్టాలు, బ్యాండు మోతలు. అక్కకు కూర్చుని చదివే తీరిక లేదు. “నువ్వు చూసినవ్ గద” అని మూడు ప్రతులు ప్రింట్ తీసి, బంగారు రంగు అక్షరాలతో గట్టి అట్టలు వేయించి, మధ్యాహ్నానికి పంజాగుట్టలోని స్టడీ సెంటర్‌లో రెండు ప్రతులు ఇచ్చేసింది. ఒకటి ఆఫీసుకు, ఒకటి పరీక్షాధికారికి. మూడోది ఇంట్లో. సోమవారం పదకొండింటికి వైవా.

ఆదివారం పగలు ఫోన్ వచ్చింది. “తమ్మీ, జర దుకాణం దాక వస్తవా? మీ అన్నకు ఒక డౌట్ వచ్చింది.”

అన్న అంటే అక్క భర్త. లిఫ్టుల మెకానిక్కు. నేను మెట్లు దిగేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని, మూడో ప్రతిని ఒళ్ళో పెట్టుకుని పైకి చదువుతున్నాడు.

“‘నాలుగో ఏడు మొగుడొచ్చాడు. నల్లబడ్డాడు. ఊరు ఊరంతా బయటికొచ్చి చేతులెత్తి మొక్కారు.’ గిదేందే? గా మొగనికి గంత మర్యాదనా? నేను పొద్దంత లిఫ్టులల్ల వేలాడి ఇంటికొస్తే, చాయ్ అడిగినా దిక్కులేదు.” పేజీ తిప్పాడు. “‘మొగుడు ఉరిమాడు.’ సరే, గిది ఒప్పుకుంట. ‘మొగుడు ఒక్క చుక్క రాల్చకుండా అటునుంచి అటే వెళ్ళిపోయాడు.’ గిది నా మీద రాసిన్రా?”

అక్క నవ్వలేదు. నన్ను చూసి మెల్లగా అడిగింది. “తమ్మీ, మొగులంటే ఏంది?”

“మొగుడే కదక్కా. టైపింగ్ తప్పు. లు బదులు డు పడాలి.”

“మొగులంటే మొగులు.” వేలు పైకెత్తి చూపించింది.

పైన చూశాను. “ఫ్యానా?”

“మబ్బు తమ్మీ! మబ్బు! ఆకాశంల పట్టే మబ్బు!”

మొదట నాకు ఏమీ అనిపించలేదు. తర్వాత ఒక్కొక్కటీ తనంతట తానే సర్దుకోవడం మొదలుపెట్టింది. విత్తనాల మూట. పడమటి దిక్కు. నలుపు. చేతులెత్తి మొక్కిన ఊరు. మూడేళ్ళు వాన లేని పల్లె అది. ఒకే తప్పు ఇరవైమూడు చోట్ల ఒకేలా వస్తే అది తప్పు కాదు, కావాలనే అలా పెట్టారని అర్థం. నా వృత్తిలో మొదటి వారం నేర్పే పాఠం అది. కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెబుతుంటాను.

ఆమె ప్రాజెక్టు దేని గురించో అప్పుడు తెలిసింది. మన బడుల్లో చెప్పే ఇంగ్లీషు వాచకాలన్నీ పోగేసి, వాటిలోని వాతావరణం చూసిందట. ఎండ కాస్తే ‘చక్కటి రోజు’. మబ్బు పడితే ఎవరో ఒకరు దిగులుగా కిటికీ దగ్గర కూర్చుంటారు. చలిదేశంలో అది నిజమే. దాన్నే మన పిల్లలు ఏప్రిల్ ఎండల్లో చెమటలు కక్కుతూ బట్టీపట్టారు. వాళ్ళ అమ్మమ్మకు మాత్రం మొగులైన రోజే చక్కటి రోజు. నలభై పేజీల ఇంగ్లీషు వాదన అంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఆ మాటే ఇప్పుడు పుస్తకంలో లేదు.

“స్పెల్లింగులు చూడమంటి” అంది అక్క. పేజీలు తిప్పుతూ ఉంది. “మా అమ్మమ్మ మాట ఒక్కటి సుత మిగల్లె తమ్మీ. ఎవరో టీవీల వార్తలు చదువుతున్నట్టున్నది.”

ఆమె ఫోన్ తీసి రికార్డింగు పెట్టింది. వెనకాల కోళ్ళ అరుపులు, గిన్నెల చప్పుడు. ముసలి గొంతు ఒకటి, దగ్గుకీ నవ్వుకీ మధ్య, “మొగులైంది బిడ్డా! మొగులైంది! మా నాయిన ఉరుక్కుంట పోయి మూట దించిండు” అంటోంది. ‘బిడ్డా’ను నేను ‘పాపా’ అని మార్చాను. పట్టికలో నంబరు నూట ఏడు.

అన్న పుస్తకం మూసి నా వైపు చూశాడు. “గిన్ని మార్చినవ్, యాడ యాడ మార్చినవో యాదికున్నదా?”

“అన్నీ ఉన్నాయన్నా. రాసిపెట్టాను.”

ల్యాప్‌టాప్ తెరిచి పట్టిక చూపించాను. అక్క కుర్చీ లాక్కుని చదవడం మొదలుపెట్టింది. ‘కారణం’ గడి దగ్గరికి వచ్చి ఆగింది. “అనవసరమైన గకారం” అని పైకి చదివింది. పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. “బాల్యవివాహం కావచ్చు, రచయిత్రి స్పష్టం చేయాలి” అని చదివింది. “అల్లుడికి విత్తనాలు, స్థానిక ఆచారం?” అని చదివేసరికి స్టేప్లర్ కింద పడేంతగా నవ్వింది. నవ్వి నవ్వి జిరాక్స్ మెషీను పట్టుకుని నిలబడింది.

“వాళ్ళు సుత గిట్లనే రాసిన్రు తమ్మీ! ఇంగ్లీషు దొరలు! తెల్వని మాట కనబడితే తప్పనుడు, తెల్వని పని కనబడితే ఆచారమనుడు. నేను రెండేండ్ల సంది లైబ్రరీలల్ల దేవులాడుతున్న, నువ్వు నా దుకాణంలనే ఉన్నవ్!”

“అక్కా, నేను దొరనేంటి? రెండు వేల ఇరవై రెండు బ్యాచ్ మెకానికల్.”

“గదే మరి. పెద్దవి చిన్నవి అన్ని సైజులల్ల దొరుకుతరు.”

ఆమె పాత పద్ధతి తెలుగు పుస్తకాలు చాలానే టైపు చేసింది. రిటైరైన మాస్టార్లు అచ్చు వేయించుకునే పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక అని ఒకటి ఉంటుంది. అచ్చయ్యాక దొరికిన తప్పులన్నీ అక్కడ పెడతారు. “ఇచ్చిన కాపీలు మళ్ళ చేతికి రావు. నీ పట్టికనే పెడదాం, రెండో అనుబంధమని” అంది. “ఒక్కటి మార్చు చాలు. ‘తప్పు’ అని రాసిన చోట ‘ఒప్పు’ అని రాయి. ‘ఒప్పు’ అన్న చోట ‘తప్పు’ అని రాయి.”

రెండు వందల పద్నాలుగు వరసలను సరిచేయడానికి రెండు గడుల పేర్లు మారిస్తే సరిపోయింది. మరొక్కటి అడిగాను. “కారణాల గడి తీసేద్దామక్కా. పరువు పోతుంది.”

“అసలు సరుకు గదే. నీ పేరు పెట్టను తియ్. ‘ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్’ అని రాస్త.”

“నన్ను సుత పెట్టుండ్రి” అన్నాడు అన్న. “మొగుడు అనే మాట మీద మొదట అభ్యంతరం జెప్పింది నేను.”

సోమవారం నేను ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి పంజాగుట్ట వెళ్ళాను. మేడ మీద స్టడీ సెంటర్. తలుపు బయట బెంచీ. అక్క పట్టికను ఫైల్లో పెట్టుకుని లోపలికి వెళ్ళింది. తలుపు పల్చటిది. మాటలు తెలియవు గానీ గొంతులు తెలుస్తాయి. మొదట ఇంగ్లీషులో ప్రశ్నలు, జవాబులు. తర్వాత కాగితాల చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. నేను నాలుగు నిమిషాలు లెక్కపెట్టాను. నాలుగు నిమిషాలు చాలా ఎక్కువ. పట్టిక పెట్టకుండా ఉండాల్సిందేమో, క్షమాపణ ఉత్తరం ఒకటి రాసి ఉంటే సరిపోయేదేమో అనిపించింది.

తర్వాత లోపల ఎవరో పెద్దగా నవ్వారు. అది అక్క నవ్వు కాదు.

తలుపు తెరుచుకుంది. “తమ్మీ, మేడమ్ పిలుస్తున్నరు.”

లోపల అరవై ఏళ్ళ మేడమ్, జరీ అంచు నేత చీర, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. “ఆ టెస్టర్ మీరేనా బాబూ? ఏ ఊరు?”

“భీమవరం దగ్గరండి.”

“నాది తెనాలి. ముప్ఫై ఏళ్ళయింది ఇక్కడికొచ్చి.” తన ముందున్న ప్రతిని నా వైపు తిప్పారు. అనుబంధం మొదటి పేజీ అంచున పెన్సిల్‌తో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. వంగి చదివాను. బలమైన స్త్రీవాద కథనం, వలస వెళ్ళిన భర్త, ఎదురుచూపు, మార్కులు ఎక్కువ వేయాలి. “మీకంటే నేనే ఒక ఆకు ఎక్కువ చదివాను చూడండి. ఇంగ్లీషు భాగంలో ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లో కనబడింది. ఈమే స్పెల్లింగు తప్పు రాసిందనుకున్నాను. ఎర్రగీత కూడా పెట్టాను.”

“మబ్బు అని అర్థం పక్కనే రాసిన గద మేడమ్” అంది అక్క.

“కవిత్వం అనుకున్నానమ్మా! మొగుణ్ణి మబ్బుతో పోల్చావనుకున్నాను!”

ముగ్గురం నవ్వాం. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలు లేకుండానే అక్కను చూస్తూ, “చివరి ప్రశ్న. ఇంగ్లీషొద్దు, తెలుగులోనే చెప్పు. మా ఇద్దరిలాంటి వాళ్ళు ఇలాంటి మాట ఎదురైనప్పుడు ఏం చెయ్యాలి?” అన్నారు.

అక్క సిద్ధాంతాలన్నీ చదివింది. పుస్తకాల పేర్లు వరసగా చెప్పగలదు. కానీ ఒక్క క్షణం ఆలోచించి, “అడిగితే చెప్తుంటి గద మేడమ్” అంది.

మేడమ్ ఆ జవాబును పెన్సిల్‌తో కాకుండా పెన్నుతో రాసుకున్నారు. దాని కింద ఏదో అంకె వేసి, దాన్ని చేత్తో కప్పారు. “ఫలితం పద్ధతి ప్రకారమే వస్తుంది. నేనిప్పుడు ఏమీ చెప్పకూడదు” అన్నారు. వెంటనే, “కాలేజీలో ఎప్పుడు చేరుతున్నావు?” అని అడిగారు.

మెట్లు దిగేటప్పుడు అక్క చెప్పుల చప్పుడు ముందు వెళ్ళింది. రెండేసి మెట్లు దూకుతోంది. కింద రోడ్డు మీద గాలి మారింది. ఫ్లైఓవర్ అవతల పడమటి దిక్కు నల్లగా లేచి ఉంది. బస్‌స్టాప్‌లో జనం తలలెత్తి చూస్తున్నారు. ఒకాయన విసుక్కుంటున్నాడు. నేను ఫోన్ తీసి, వాతావరణం చూపించే యాప్ తెరిచాను. ‘ప్రతికూల వాతావరణం’ అని ఉంది. దాన్ని నంబరు రెండు వందల పదిహేనుగా పట్టికలో చేర్చాలనుకున్నాను.

“అక్కా, మొగులైంది” అన్నాను. ఆ మాట నేను నోటితో అనడం అదే మొదటిసారి.

ఆమె నా వైపు తిరిగి జవాబు చెప్పేలోగా, ట్రాఫిక్‌లోంచి అన్న స్కూటర్ వచ్చి ఆగింది. ముందు బుట్టలో రెండు రెయిన్‌కోట్లు, ఫ్లాస్కులో చాయ్. “ఏమైందే?” అని కళ్ళతోనే అడిగాడు. అక్క తల ఊపింది. ఆయన ఫ్లాస్కు మూత తీసి, ముందు ఆమెకే పోసి ఇచ్చాడు. మొదటి చుక్క ఆ చాయ్‌లోనే పడింది.

“రాసుకో తమ్మీ” అంది అక్క, కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. “మొగులు సుత వచ్చింది, మొగుడు సుత వచ్చిండు. ఇయ్యాల రెండూ ఒప్పే.”